ఆర్నెల్ల కాపురం

అమెరికా తెలుగువాళ్ళ చరిత్ర అని మనం ఇంతవరకు రాసుకున్నదంతా, పోయి అక్కడే నిలిచిపోయినవాళ్ళ చరిత్ర. 1965లో అక్కడి వలస చట్టం మారింది, డాక్టర్లూ ఇంజనీర్లూ పోవడం మొదలైంది. 1977లో అక్కడి తెలుగువాళ్ళ సంఘం తానా పుట్టింది. 1990 చట్టంతో హెచ్‌1బి వీసా వచ్చింది. 2000 సంవత్సరం దగ్గరపడేకొద్దీ కంప్యూటర్ నేర్చిన కుర్రవాళ్ళు ఊరూరి నుంచీ బయల్దేరారు. సభల సంచికలు తిరగేస్తే ఈ సంగతులన్నీ వరసగా కనపడతాయి. వాటిలో కనపడని జంట ఒకటుంది. కొడుకు దగ్గరికో కూతురు దగ్గరికో ఆర్నెల్లకని పోయి, ఉన్నన్నాళ్ళూ ఉండి, మళ్ళీ ఊరికొచ్చి చేరిన అమ్మానాన్నల జంట అది. వడమాలపేట లాంటి ఊళ్ళకు అమెరికా అంటే ఏమిటో తెలియజెప్పింది వలసపోయిన బిడ్డలకంటే ఆర్నెల్ల కాపురం చేసి తిరిగొచ్చిన ఈ పెద్దవాళ్ళే అని నా వాదన. డెబ్భైల నుంచి ఇంచుమించు నిన్నమొన్నటి దాకా సాగిన ఆ పోకారాకల్లో ఊరంతటికీ చెయ్యి ఉండేది. టికెట్లు చవకై, ఫోన్లు పెరిగి, ఆ పద్ధతి మాయమైంది. మాయమైనట్టు కూడా ఎవరూ గుర్తించలేదు.

ఈ మాట వడమాలపేట నుంచి చెప్పడానికి కారణముంది. తిరుపతి నుంచి మద్రాసు పోయే రోడ్డు మీద రేణిగుంట దాటాక, పుత్తూరుకు ముందు తగిలే ఊరిది. దగ్గర్లోనే పూడి, తడుకు స్టేషన్ల మీదుగా అరక్కోణం పోయే రైలు దారి. చుట్టూ మామిడి తోపులు, చెనిక్కాయ చేలు. ఏ రాష్ట్రంలో ఉన్నా, ఏ జిల్లాలో ఉన్నా ఇటువాళ్ళకు పట్నమంటే మద్రాసే. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడింది మద్రాసు ప్రెసిడెన్సీలోనే. 1953లో ఆంధ్ర రాష్ట్రంలోకి వచ్చినా, 1960 సరిహద్దు సర్దుబాటులో తిరుత్తణి అటు పోయి సత్యవేడు ఇటు చేరినా, 2022లో మండలం తిరుపతి జిల్లా కిందికి మారినా, పెద్ద జబ్బు చేసినా పెద్ద కొనుగోలు పడినా జనం ఎక్కిన బస్సు మద్రాసుదే. అమెరికా ప్రయాణమూ ఆ పాత దారినే పట్టింది. మద్రాసులో జెమినీ ఫ్లైఓవరు దగ్గర అమెరికా కాన్సులేటు, మీనంబాకంలో విమానం. హైదరాబాదులో అమెరికా కాన్సులేటు 2008లో గాని తెరుచుకోలేదు కాబట్టి అంతవరకూ తెలంగాణవాళ్ళయినా కోస్తావాళ్ళయినా ముందురోజే రైలెక్కి మద్రాసు లాడ్జీల్లో దిగాల్సిందే. వడమాలపేటవాళ్ళు రాత్రి బయల్దేరి తెల్లారేలోపు వరుసలో నిలబడగలిగేవాళ్ళు. వీసాకు పోయే జంట వెంట నలుగురు తోడు పోగలిగారన్నా, విమానం ఎక్కించడానికి వ్యానునిండా జనం కదిలారన్నా ఈ దగ్గరితనమే కారణం. 1954లో తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, ఆ తర్వాత ఇంజనీరింగు కాలేజీ, 1960లో మెడికల్ కాలేజీ రావడంతో ఇటు పల్లెల బిడ్డలు కొందరు తొలి వలసల్లోనే సముద్రం దాటారు. వాళ్ళ వెనకే, పురుడు పోయడానికనో మనవడిని చూడ్డానికనో, అమ్మానాన్నలు.

కాన్సులేటులో ఎన్ని కాగితాలు చూసినా అధికారి తేల్చుకోవాలనుకునేది ఒక్కటే: వీళ్ళు తిరిగి వస్తారా, రారా. 1952 నాటి వాళ్ళ వలస చట్టంలోని 214(బి) సెక్షను ప్రకారం, చూసి వస్తానని అడిగే మనిషి ఉండిపోవడానికే వస్తున్నాడని ముందుగా అనుకోవాలి. కాదని నమ్మించే భారం అడిగినవాడిదే. అందుకే పట్టాదారు పాసుపుస్తకం, ఇంటిపన్ను రసీదు, బ్యాంకు పుస్తకం, పింఛను కాగితం అన్నీ ఒక కవర్లో సర్దుకుని పోయేవాళ్ళు. ఈ పద్ధతిని అవమానంగా తీసుకున్నవాళ్ళున్నారు, వాళ్ళ బాధలో న్యాయముంది. అయితే నా వాదనకు మొదటి సాక్ష్యం ఇక్కడే దొరుకుతుంది. ఈ జంటను ఆ దేశం గడప తొక్కనిచ్చిన షరతే తిరిగి రావడం. మామిడి తోపు, ఇల్లు, గొడ్లు, ఇక్కడే ఉన్న మిగతా బిడ్డలు, అన్నీ కలిసి వాళ్ళకు వీసా తెచ్చిపెట్టాయి. అక్కడ దిగాక పాస్‌పోర్టుకు పిన్ను కొట్టే ఐ-94 అనే తెల్ల చీటీ మీద మామూలుగా ఆరు నెలల గడువు వేసేవాళ్ళు. బిడ్డల ఆలోచన గ్రీన్‌కార్డు మీదా ఇంటి అప్పు మీదా ఉంటే, వీళ్ళ కళ్ళు దిగిన రోజు నుంచీ ఆ చీటీలోని తేదీ మీదే. ఒకచోట నిలదొక్కుకోవాలనుకునే మనిషి చూసేది ఒకటి, తిరిగిపోయి నలుగురికి చెప్పుకోవాల్సిన మనిషి చూసేది ఇంకొకటి.

ప్రయాణం దగ్గరపడేకొద్దీ ఆ ఇల్లు ఊరందరిదీ అయ్యేది. పాత విమాన నిబంధనల్లో అమెరికా పోయే మనిషికి 32 కిలోల చొప్పున రెండు పెట్టెలు. అంటే దంపతులకు నాలుగు. వాటిలో తమ బట్టలకు పోయే చోటు తక్కువ. రాగిపిండి, చెనిక్కాయల పొడి, చింతపండు, ఎండుమిరపకాయలు, చింతకాయ తొక్కు, నిప్పట్లు, మురుకులు, పుట్టబోయే బిడ్డకు పాత చీరలు చింపి కుట్టిన బొంతలు. వీటితోబాటు పక్కింటివాళ్ళ అమ్మాయికి ఒక పొట్లం, పుత్తూరు వియ్యంకులకు అక్కడున్న బంధువుకు ఇంకొకటి. అక్కడి కస్టమ్స్ వాళ్ళు మామిడిపండు రానివ్వరు, మాంసం రానివ్వరు, విత్తనాల జోలికి పోకూడదు. ఈ నియమాలు ఎవరూ అచ్చువేసి పంచలేదు. ముందు పోయొచ్చిన జంట చెప్తే తర్వాతి జంట నేర్చుకుంది. ఏ నూనె డబ్బా కారి బట్టలు పాడయ్యాయో, ఏ పొడిని ఎలా మూటగట్టాలో, ఆర్నెల్లకు సరిపడే బీపీ మాత్రలకు డాక్టరు చీటీ ఎందుకు వెంట ఉండాలో అంతా నోటిమాటగానే ఇల్లిల్లూ తిరిగింది. డబ్బు సంగతీ అంతే. తొలినాళ్ళలో విదేశీ మారకం మీద గట్టి అదుపు. మామూలు ప్రయాణికుడి చేతికి 8 డాలర్లకు మించి దక్కని రోజులవి. 1973 నాటి ఫెరా చట్టం పోయి 2000లో ఫెమా అమల్లోకి వచ్చేదాకా డాలరంటే భయమే. పరాయి దేశంలో చేతిలో కాసు లేకుండా విమానం మారే వయసు మళ్ళిన దంపతులకు ఉన్న ఆధారమల్లా మనుషులే. కాబట్టి అదే విమానంలో పోయే తెలుగువాళ్ళెవరైనా ఉన్నారా అని నెల ముందు నుంచే తిరుపతిలో, నగరిలో, మద్రాసులో వాకబు చేసేవాళ్ళు.

ప్రయాణంలో గడిచే ఆ రోజు గురించి మన సాహిత్యంలో రావాల్సినంత రాలేదని నా అభిప్రాయం. మద్రాసు నుంచి లుఫ్తాన్సా అయితే ఫ్రాంక్‌ఫర్ట్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ అయితే లండన్, ఎయిరిండియా అయితే ముందు బొంబాయి. బొంబాయి నుంచి లండన్ మీదుగా న్యూయార్క్‌కు ఎయిరిండియా 1960లోనే బోయింగ్ 707 నడిపింది. మద్రాసు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కే దాదాపు పది గంటలు, అక్కడ కొన్ని గంటలు కాచుకున్నాక అట్లాంటిక్ మీద ఇంకో ఎనిమిది తొమ్మిది గంటలు. ఎర్ర కార్బను పూసిన టికెట్ పుస్తకంలో ఒక్కో విమానానికి ఒక్కో చీటీ. ఒకటి పోతే అక్కడితో ఆగిపోవాల్సిందే. చాలామంది జేబులో కొడుకు ఇంగ్లీషులో రాసి పంపిన కాగితం ఉండేది: మాకు భాష రాదు, మేము ఫలానా విమానం ఎక్కాలి, దయచేసి దారి చూపండి అని. ఆ తర్వాతి కాలంలో నడవగలిగినవాళ్ళు కూడా చక్రాల కుర్చీ అడగడం మొదలుపెట్టింది కాళ్ళ నొప్పికంటే దారి తప్పుతామన్న భయంతోనే. ఇక్కడ ఆలోచించాల్సిన విషయం ఇంకొకటుంది. ఊళ్ళో ఆయన లోకం రచ్చబండ, చేను, సొసైటీ ఆఫీసు. ఆమె లోకం వంటిల్లు, పెరడు, పాలకేంద్రం. రాకపోకల వ్యవహారమంతా ఆయనదే. విమానం ఎక్కాక ఇద్దరూ సమానం. ఇద్దరికీ భాష రాదు, ఇద్దరికీ తిండి సయించదు, బాత్రూం తలుపు తెరవడం ఇద్దరూ చూసి నేర్చుకోవాల్సిందే. నలభై ఏళ్ళ సంసారంలో ఒకరి పక్కన ఒకరు అంతసేపు వేరే పని లేకుండా కూర్చోవడం చాలా జంటలకు అదే మొదలు.

అక్కడి ఇంట్లో లెక్క పూర్తిగా తిరగబడేది. ఆమెకు పని ఉంది, పనితోపాటు పెత్తనమూ ఉంది. పసిబిడ్డకు నీళ్ళు పోయడం, బాలింతకు పథ్యం వండటం ఆ ఇంట్లో ఇంకెవరికీ రాదు. ఆయనకు మాత్రం నడిచిపోవడానికి అంగడి లేదు, పలకరించడానికి దారినపోయే మనిషి లేడు, కారు నడపడం రాదు. ఆయన కూరగాయలు తరగడం, అంట్లు మిషన్లో సర్దడం అక్కడే నేర్చుకున్నాడు. వేసవిలో బయల్దేరి చలి ముదిరేలోగా తిరిగిరావాలన్నది చాలామంది లెక్క కాబట్టి తోపులో కాయ కోత ఎవరో ఒకరికి అప్పగించి రావాల్సిందే, తిరుపతి గంగమ్మ జాతర తప్పిపోవాల్సిందే. ఆ బెంగంతా నీలిరంగు ఏరోగ్రాముల్లోకెక్కేది. పది పదిహేను రోజులకు గాని చేరని ఆ ఉత్తరాల్లో సగం ప్రశ్నలు: వాన పడిందా, ఆవు ఈనిందా, బోరులో నీళ్ళున్నాయా. మిగతా సగం అక్కడి వింతలు. అవి ఒక్క ఇంటికని రాసినా చదివేది నలుగురి మధ్య.

ఆర్నెల్లు అన్న గడువు ఈ నేలకు కొత్తది కాదు. నారాయణవనంలో పద్మావతిని పెళ్ళాడిన శ్రీనివాసుడు కొండకు తిరిగిపోతూ అప్పలాయగుంటలో సిద్ధేశ్వరుడనే మునికి అభయమిచ్చాడని స్థలపురాణం. అక్కడి ప్రసన్న వేంకటేశ్వరుడు అందుకే అభయహస్తంతో ఉంటాడంటారు. ఆ అప్పలాయగుంట వడమాలపేట మండలంలోనిదే. పెళ్ళయిన ఆర్నెల్ల దాకా కొండ ఎక్కకూడదని చెప్పి అగస్త్యుడు ఆ దంపతులను శ్రీనివాసమంగాపురంలోని తన ఆశ్రమంలో ఉంచుకున్నాడన్నది ఆ కథలోని తర్వాతి ఘట్టం. సొంతం కాని చోట జంటగా ఉండటం, గడువు తీరగానే తమ చోటికి పోవడం ఇటు జనానికి చిన్నప్పటి నుంచి వినికిడిలో ఉన్న సంగతి. ఈ కథ వాళ్ళ నిర్ణయాలను నడిపిందని నేను అనను. పరాయి కొంపలో ఆర్నెల్లు ఉండటాన్ని తప్పుగా చూడని అలవాటు ఇక్కడ ముందే ఉందని మాత్రం అంటాను.

అసలు పని తిరిగొచ్చాక మొదలయ్యేది. సాయంత్రం తిన్నె మీద ఆయన చుట్టూ మగవాళ్ళు, లోపల ఆమె చుట్టూ ఆడవాళ్ళు. ఆయన్ను అడిగేవి చదువు గురించి: ఏ కోర్సుకు పని దొరుకుతుంది, మొదటి ఏడు ఎంత ఖర్చు, అప్పు ఎన్నాళ్ళకు తీరుతుంది. ఆమెను అడిగేవి గొంతు తగ్గించి అడిగేవి: అల్లుడు ఇంటిపని చేస్తాడా, పిల్లకు కారు నేర్పించాడా, కష్టమొస్తే పిలిస్తే పలికే దూరంలో మనవాళ్ళెవరైనా ఉన్నారా. అమెరికా సంబంధమని ఎగబడే రోజుల్లో ఆడపిల్లల తల్లులకు నమ్మదగ్గ సమాచారం దొరికిన చోటు ఆ వంటిల్లు. అక్కడి ఇళ్ళు పెద్దవనీ పగలంతా ఖాళీగా ఉంటాయనీ, ముసలివాళ్ళు తమ కారు తామే నడుపుకుంటారనీ, పాకీపనికి వేరే మనుషులుండరు, ఎవరింటిది వాళ్ళే కడుక్కుంటారనీ, జబ్బు చేస్తే బిల్లు చూసి భయం పుడుతుందనీ ఊరికి చెప్పింది ఈ దంపతులే. పాకీపని గురించిన ఆ మాట ఒక్కటీ మన ఊళ్ళలో ఏ ఉపన్యాసమూ చేయలేని పని కొంత చేసిందని నా నమ్మకం.

దీనికి అభ్యంతరాలు రాకపోవు. సెలవులకు వచ్చే బిడ్డలు చెప్పలేదా, సినిమాలు చూపించలేదా అని మొదటిది. బిడ్డలు రెండు మూడేళ్ళకోసారి మూడు వారాలకు వస్తారు. వచ్చినన్నాళ్ళూ పెళ్ళిళ్ళు, మొక్కుబళ్ళు, భూమి పత్రాలు. అంతకంటే పెద్ద అడ్డంకి, తాము ఎంచుకున్న బతుకులోని లోటు వాళ్ళు ఊరి ముందు ఒప్పుకోలేరు. ఒప్పుకుంటే ఇక్కడ తల్లిదండ్రుల తల వంగుతుంది. అక్కడ నిలిచిపోయే ఉద్దేశం లేని పెద్దవాళ్ళకు ఆ మొహమాటం లేదు. బాగున్నది బాగుందన్నారు, లేనిది లేదన్నారు. సినిమా చూపించింది నయాగరానూ స్వేచ్ఛా ప్రతిమనూ. పురిటి గదినీ, మంచులో ఇరుక్కుపోయిన మధ్యాహ్నాన్నీ చూపించలేదు.

రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది: ఇది భూమి ఉన్నవాళ్ళ కథ కదా అని. అవును, భూమి ఉన్నవాళ్ళ కథే. పాసుపుస్తకం లేనివాడికి ఆ వీసా దుర్లభం. అదే రోజుల్లో కడప జిల్లా నుంచి, అప్పటి చిత్తూరు జిల్లాలోని మెట్ట మండలాల నుంచి వేలమంది కువైట్‌కు పోయారు. వాళ్ళలో దంపతులుగా పోయినవాళ్ళు అరుదు. మొగుడు అక్కడ, పెళ్ళాం ఇక్కడ. లేదా ఆమె అక్కడ ఎవరి ఇంట్లోనో పనిమనిషి, పిల్లలు ఇక్కడ అవ్వ దగ్గర. ముప్ఫై ఏళ్ళలోపు ఆడవాళ్ళకు ఇంటిపని కోసం వలస అనుమతి ఇవ్వకూడదన్న ప్రభుత్వ నిబంధన ఉన్నా, దాన్ని తప్పించుకునే ఏజెంట్లు ఉండనే ఉన్నారు. జంటగా ప్రయాణించడమే ఒక భాగ్యమని ఈ పోలిక వల్ల తెలుస్తుంది. ఆర్నెల్ల దంపతులను గుర్తు చేసుకునేవాళ్ళు దీన్ని మరచిపోకూడదు. అయినా ఒకరి కథ రాయాలని అడగడం ఇంకొకరి కథను చిన్నబుచ్చడం అవదు. కువైట్ నుంచి తిరిగొచ్చిన ఆడవాళ్ళ మాటలూ ఇంతవరకు అందాల్సినంత అక్షరాలకెక్కలేదు, అవి మరీ ముందు ఎక్కాలి.

మూడోది, ఆ పాత పద్ధతిలో ఉన్నదంతా కష్టమే, పోవడమే మంచిదయిందని. కష్టం పోవడం మంచిదే, ఇందులో నాకు రెండో మాట లేదు. 2008 ఒక్క ఏడాదిలోనే శంషాబాదులో విమానాశ్రయం తెరుచుకుంది, జూన్ 1 నుంచి కాగితం టికెట్ల కాలం ముగిసింది, హైదరాబాదులో కాన్సులేటు వచ్చింది. 2013లో విమానాశ్రయాల్లో ఐ-94 చీటీ ఇవ్వడం మానేశారు, అదే ఏడాది జూలైలో మన దేశంలో టెలిగ్రాము ఆగిపోయింది. 2015లో రేణిగుంట విమానాశ్రయంలో గరుడ టెర్మినల్ ప్రారంభమైంది. 2016లో జియో వచ్చాక పల్లె ఇంట్లోనూ రోజూ మనవడి ముఖం కనపడుతోంది. ఇవన్నీ ఒక తల్లి బెంగను తగ్గించాయంటే సంతోషించాల్సిందే. అయితే ఏరోగ్రాము నలుగురి మధ్య చదివిన వస్తువు, వీడియో కాల్ ఒక ఇంటి లోపలి వస్తువు. ఇప్పుడు ఎవరి అమెరికా వాళ్ళ ఫోన్లో ఉంది. తిరిగొచ్చినవాళ్ళను అడగాల్సిన అవసరం ఎవరికీ లేదు కాబట్టి వాళ్ళు చెప్పడమూ లేదు. ఇప్పటి పెట్టెల్లో పక్కింటి పొట్లం కూడా లేదు. కావాల్సింది అక్కడి ఇండియన్ స్టోరులోనే దొరుకుతోంది. అన్నిటికీ మించి, బిడ్డ అక్కడి పౌరుడైతే తల్లిదండ్రులకు గ్రీన్‌కార్డు ఇచ్చే చట్టంలో సంఖ్యా పరిమితి లేదు. ఆర్నెల్ల కాపురం కాస్తా శాశ్వత కాపురమవుతోంది. తిన్నె ఉంది, ఇంటికి తాళం వేసి ఉంది.

అందుకే వృద్ధాప్యం గురించి ఊరికి అందాల్సిన సమాచారం సరిగ్గా అవసరమైన వేళకు ఆగిపోయింది. అక్కడ స్థిరపడాలా, ఇక్కడే ఉండాలా అని ఈరోజు తేల్చుకోలేని దంపతులు ఎన్నో ఊళ్ళలో ఉన్నారు. రెండు చోట్లా ఉండి చూసిన ముందుతరం వాళ్ళు ఎనభైలు దాటుతున్నారు. వాళ్ళు రాసిన ఉత్తరాలు, ఆ ఎర్ర కార్బను టికెట్లు, మీనంబాకంలో దండలతో దిగిన ఫొటోలు ఇంకా బీరువాల్లోనూ ట్రంకుపెట్టెల్లోనూ ఉన్నాయి. మీ ఇంట్లో ఉంటే పాత కాగితాల కింద అమ్మేయకండి. ఫొటో వెనక పేర్లూ సంవత్సరమూ రాయించండి. ఆయన్ను ఒక పూట, ఆమెను విడిగా ఇంకో పూట కూర్చోబెట్టి ఫోనులో మాటలు రికార్డు చేయండి. ఆమె ఆయన ముందు చెప్పని సంగతులుంటాయి, అందుకే విడిగా అడగండి. తిరుపతి విశ్వవిద్యాలయంలో తెలుగు, చరిత్ర విభాగాలున్నాయి. మన పల్లెల నుంచి వచ్చి అక్కడ పరిశోధన చేసే పిల్లలున్నారు. ఆ ఉత్తరాల నకళ్ళు వాళ్ళ చేతికి అందించండి.